కారుకు కందెన

మా నాయిన కారుకు కందెన పెట్టేవాడు.

ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా దవడలు బిగుసుకుంటాయి. కందెన అనేది బండి ఇరుసుకు పెట్టేది. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, వెదురు గొట్టంలో నింపి, బండి కింద వేలాడదీస్తారు. ఇరుసు కిర్రుమన్నప్పుడు చక్రాన్ని కొంచెం బయటికి లాగి, ఒక పుల్లతో తీసి పూస్తారు. కర్ర చక్రానికి అది మంచిదే, కాదనను. కానీ గడ్డి మసిలో ఇసుకంత గట్టి పలుకులుంటాయి. ఉక్కు మీద ఉక్కు తిరిగే చోట దాన్ని పెట్టడమంటే, రోజూ కొంచెం కొంచెంగా ఆకురాయి పట్టడమే.

నాయిన మొదట ఒక దొర దగ్గర సవారి కచ్చురం తోలేవాడు. గుడారం కట్టిన ఎడ్లబండి అది. దొర కారు కొన్నాక ఎడ్లను వదిలి స్టీరింగ్ పట్టుకున్నాడు. పోలీసు చర్య తర్వాత దొర పట్నం చేరి, పాత కారునూ కచ్చురాన్నీ మా ఇంటి ముందు వదిలి వెళ్లాడు. యుద్ధానికి ముందు ఇంగ్లండులో తయారైన కారు. అప్పటి నుంచీ నాయిన దాన్ని కిరాయికి నడిపేవాడు. పెళ్లిళ్లు, జాతరలు, దవాఖానకు పోయే రోగులు. ప్రతి దసరాకు బండ్లకూ నాగళ్లకూ చేసినట్టే దానికీ పూజ చేసేవాడు. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, వీటి మీద నాకేమీ తగాదా లేదు. పూజ కాగానే చొక్కా విప్పి, కచ్చురం కింది నుంచి వెదురు గొట్టం తెంపుకొచ్చి, కారు కింద దూరి, ఎక్కడెక్కడ రెండు ఇనుములు కలుస్తాయో అక్కడల్లా కందెన కూరేవాడు. నా తగాదా దానితో.

కారు ముందు చక్రాలు రెండింటినీ ఒక ఉక్కు కడ్డీ కలుపుతుంది. దాన్ని టై రాడ్ అంటారు. స్టీరింగ్ తిప్పితే ఒక చక్రం తిరుగుతుంది, దానితో పాటు రెండో చక్రాన్ని తిప్పేది ఈ కడ్డీ. కడ్డీ రెండు కొసలకూ రెండు కీళ్లు మరలతో బిగించి ఉంటాయి. ఒక్కో కీలులో ఒక గిన్నె, ఆ గిన్నెలో ఉసిరికాయంత ఉక్కు గుండు. మన భుజం కీలు లాంటిదే. ఆ గుండు గిన్నెలోంచి ఊడిందంటే ఒక చక్రం ఒక దారి పడుతుంది, ఇంకోటి ఇంకో దారి.

నేను డిప్లొమా ముగించి, కృష్ణ మీద కడుతున్న డ్యాం దగ్గర వర్క్‌షాపులో చేరిన ఏడాది సంగతి ఇది. దసరాకు ఇంటికి వచ్చినప్పుడే ఆ కీళ్లు అరిగాయని గమనించాను. కారు కింద పడుకుని, కుడి పక్క కీలును గుడ్డతో తుడిచి, కొలతలు తీసుకున్నాను. కాడ మందం, మర పొడవు, అంగుళానికి ఎన్ని మరలు, గుండు కింది కాడ వాలు. నాలుగు అంకెలు నోటుబుక్కులో రాసి, కింద "రెండు కావాలి" అని రాసి గీత గీశాను. ఎడమ పక్క కీలు మీద బురద, కందెన కలిసి గట్టిపడి పిడకలా అంటుకుని ఉంది. దాన్ని తుడవలేదు. రెండూ ఒకటేగా అనుకున్నాను.

నేను కొలతలు తీసుకుంటుండగానే నాయిన వెదురు గొట్టం పట్టుకుని వచ్చాడు. వద్దని చెప్పాను. మసి ఏం చేస్తుందో చెప్పాను. నేను తిరిగి పనిలోకి పోయిన మరునాడు పెట్టాడట, అమ్మ తర్వాత చెప్పింది.

ఒక ఆదివారం పట్నం పోయి, పాత మోటారు సామాన్ల బజారంతా తిరిగాను. చివరికి ఒక దుకాణంలో దొరికాయి.

"పాతది తెచ్చినవా?" అని అడిగాడు దుకాణం ముసలాయన.

నోటుబుక్కు చూపించాను.

"కాయితం కాదు సాబ్, సామాను, సామాను," అన్నాడు. అయినా నా నాలుగు అంకెలు చూసి, లోపలి నుంచి మైనం కాగితంలో చుట్టిన రెండు పొట్లాలు తెచ్చాడు. ఒకటి విప్పి కొలిచాను. నా అంకెలతో వెంట్రుకవాసి తేడా లేదు. రెండోది విప్పలేదు. దుమ్ము పడకూడదని అలాగే సంచిలో పెట్టుకున్నాను.

చలికాలం చివర వారం రోజులు సెలవు పెట్టి వచ్చాను. సెలవు అక్క కోసం. మా ఊరు అచ్చంపేట పక్కన, కొండెక్కే ఘాటు దారి కింద. అక్కను ఇచ్చింది ఘాటు పైన, అమ్రాబాద్ అవతల, అడవి అంచు ఊరికి. తొలి కాన్పు. తొమ్మిదో నెల. ఆమె అత్తవారి పట్టింపు ఏమిటంటే, కాన్పుకు పంపేది బేసి నెలలోనే. అమావాస్య దాటితే పదో నెల పడుతుంది, పంపరు. అమావాస్య శనివారం. శుక్రవారం ఆడపిల్లను గడప దాటనివ్వరు. అంటే గురువారం లోపల తెచ్చుకోవాలి. లేదంటే అక్క అక్కడే కనాలి. ఆ ఊళ్లో దవాఖాన లేదు. మా ఊరి నుంచి అయితే తాలూకా దవాఖాన రెండు మైళ్లే. ఆ దవాఖాన నర్సమ్మ, పై ఊళ్లకు పోయినప్పుడు అక్కను చూసి, నాయినకు గట్టిగా చెప్పి పంపింది. కాళ్లకు నీరు దిగింది, దవాఖానకు దగ్గరగా ఉంచండి, రోజంతా ఎడ్లబండిలో కుదిపి తేకండి, కారులో మెల్లగా తెండి అని. బస్సు ఘాటెక్కగానే వచ్చే మన్ననూరు దాకానే, అదీ నిలబడటానికి జాగా ఉండని బస్సు.

కాబట్టి బుధవారం పొద్దున కారు పోవాలి. మంగళవారం నేను కీళ్లు మార్చాలి. లెక్క సరిగ్గా ఉంది. పొద్దున ఆరింటికి ఇంటి ముందు వేపచెట్టు కింద జాకీ పెట్టి ముందు చక్రాలు లేపాను.

ముందుగా నాయినకు చూపించాలనుకున్నాను. ఆయన అరచేయి పట్టుకుని ఎడమ కీలు మీద ఆనించి, చక్రాన్ని రెండు పక్కల పట్టుకుని ఊపాను. టకటకమంది.

"సమజైందా?" అన్నాను.

"ఏం సమజైతది? ఆట ఉంది. చక్రమన్నంక ఆట ఉండదా? ఆట లేని చక్రం ఇరుసును పట్టుకుంటది. కచ్చురం తోలినోన్ని, నాకు చెప్తవా?"

"గది బండి చక్రం నాయినా. గిది చక్రం ఆట కాదు, కీలు ఆట."

"కీలు లేదు, కాలు లేదు. గిన్నేండ్ల సంది తోల్తున్న. ఒక్కన్నన్న పడేసిన్నా? అడుగు ఊర్లె."

అడగడానికి ఊళ్లోకి పోనక్కర లేకపోయింది, ఊరే వచ్చింది. నాయినకు ప్రాణ స్నేహితుడు, మా ఊరి కమ్మరి, సుత్తె భుజాన వేసుకుని వచ్చి వేపచెట్టు మొదట్లో కూర్చున్నాడు. వాళ్లిద్దరూ బావా అంటే బావా అనుకుంటారు. నాకు ఆయన మామ.

"ఏందల్లుడా, మంచి కారును ఇప్పినవు?" అన్నాడు.

నట్లు జారకుండా గుచ్చిన స్ప్లిట్ పిన్నులు తీశాను. నట్లు తీశాను. గుండు కింది కాడ, చక్రం వెనకుండే ఇనుప చేతి కన్నంలో మేకులా దిగి ఉంటుంది, ఊరికే రాదు. కింది నుంచి కొడితే మర పాడవుతుంది. ఆ కన్నానికి రెండు పక్కల ఎదురెదురుగా రెండు సుత్తెలతో ఒకేసారి కొట్టాలి. ఆ పని ఒక్కడి వల్ల కాదు. మామను పిలవక తప్పలేదు. ఒప్పుకోవాలి, ఆయన దెబ్బ నా దెబ్బతో రెప్పపాటు తేడా లేకుండా పడింది. మూడో దెబ్బకు కుడిది ఊడింది, రెండో దెబ్బకు ఎడమది.

కడ్డీని బయటికి లాగి, గోనెపట్టా మీద పెట్టి, గ్యాసునూనెతో, అంటే కిరసనాయిలుతో, కడిగాను. కడిగిన కొద్దీ నాకు కళ్లెర్రబడ్డాయి. ఎడమ కీలులోంచి తీసినవన్నీ వరసగా పట్టా మీద పెట్టాను. చెప్పు తోలు ముక్కలు మూడు. సైకిలు ట్యూబు ముక్క ఒకటి. గుడ్డ పీలిక. నల్లటి ముద్దగా, వేళ్ల మధ్య రుద్దితే కరకరలాడే కందెన, దోసిలి సగం.

"గీ తోలెవరు పెట్టిన్రు?" అన్నాను.

"నేనే," అన్నాడు మామ, దాచకుండా. "నాలుగేండ్లాయె. గుండు లటలటమంటుంటే తోలు పెట్టి బిగిచ్చిన. గా తోలు లేకుంటే నీ కారు ఎప్పుడో పోతుండె. మీ నాయిన నా తోలు మీదనే తిరుగుతుండు."

"మంది పాణాలు చెప్పు తోలు మీద పెట్టిన్రా మీరు?"

"గట్లనకు. మంచి తోలే. దున్నపోతుది."

నాయిన ఫక్కున నవ్వాడు. ఆ నవ్వుకు నా చేతిలోని పానా గట్టిగా నేలకు కొట్టాను. నవ్వు ఆగింది కానీ పెదవుల మీది నుంచి పోలేదు.

ఇక కీళ్లను కడ్డీ నుంచి విప్పాలి. విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు వచ్చిందో లెక్కపెట్టుకుంటే, కొత్తది అన్నే చుట్లు తిప్పి బిగిస్తే చాలు, చక్రాలు పాత వరసలోనే నిలుస్తాయి. కుడిది పదకొండున్నర చుట్లకు వచ్చింది. రాసుకున్నాను. కొత్తది తీసి, అచ్చమైన గ్రీజు పూసి, పదకొండున్నర చుట్లు తిప్పాను. సరిగ్గా కూర్చుంది.

ఎడమ కీలును మామ పట్టుకుని తిప్పుతున్నాడు. మెడ నరాలు లేచాయి, కీలు కదల్లేదు. నాయిన కూడా చెయ్యేశాడు. ఇద్దరూ బండి కాడి ఎత్తినట్టు మూలుగుతున్నారు.

"ఆపుండ్రి," అన్నాను. "మీరు బిగిస్తున్నరు. గది ఎడమ మర. ఇటు తిప్పితే బిగుస్తది, అటు తిప్పితే వదులైతది."

"అన్ని మరలూ గిట్లనే గద తిరుగుతయి?"

"గీ ఒక్కటి తిరగదు."

"మతిలున్నోడు ఎవ్వడన్న గట్ల చేస్తడా?" అన్నాడు మామ.

ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు అందుకున్నాను. రెండు కొసలా ఒకే మర ఉంటే కడ్డీని తిప్పినప్పుడు ఒక కీలు లోపలికి, ఒక కీలు బయటికి పోతుంది, మొత్తం పొడవు మారదు. ఒకటి కుడి, ఒకటి ఎడమ అయితే, కడ్డీని ఇటు తిప్పితే రెండూ లోపలికి వస్తాయి, అటు తిప్పితే రెండూ బయటికి పోతాయి. చక్రాల వరస సరిచేసేది అలాగే. పరీక్షలో బొమ్మ గీసి రాసిన సంగతి. వాళ్లకు పుల్లతో మట్టిలో బొమ్మ గీసి చూపించాను. ఇన్నేళ్లుగా మీరిద్దరూ దీన్ని తిరగేసి బిగిస్తూ వచ్చారని, అందుకే టైర్లు ఒక పక్కే అరుగుతున్నాయని, తెలియని పనిలో చెయ్యి పెట్టకూడదని చెప్పాను. గొంతు పెద్దది చేసే చెప్పాను. అమ్మ వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. నాయిన నేలచూపులు చూస్తూ బీడీ ముట్టించాడు. నాకు తృప్తిగా ఉంది.

ఎడమది అటు తిప్పాను. పన్నెండు చుట్లకు వచ్చింది. రాసుకున్నాను. రెండో పొట్లం విప్పాను. మైనం కాగితం మడత పెట్టి జేబులో పెట్టుకున్నాను. గ్రీజు పూసి, కడ్డీ నోటికి ఆనించి, ఎడమకు తిప్పాను. పట్టలేదు. గుడ్డతో తుడిచి మళ్లీ తిప్పాను. పట్టలేదు. వెలుగుకు ఎత్తి చూశాను.

కుడి మర.

నేను నోటుబుక్కు తెరిచాను. "రెండు కావాలి." నా దస్తూరి. కింద గీత, స్కేలు పెట్టి గీసింది.

మామ పట్టా మీది నుంచి ఆ కీలును తీసుకుని, తన పెద్ద బొటనవేలితో మరను తడిమాడు. కమ్మరివాడికి అర్థం కావడానికి ఎంతసేపు.

"ఏందల్లుడా, గిది మతిలున్నోడే చేసినట్టున్నదే!" అన్నాడు.

ఆ మాటకు నాయిన నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు. బీడీ ఆర్పి, చెవి మీద పెట్టుకుని, లేచాడు. "సరే తియ్. కుడిది కొత్తదుండనీ. ఎడమది పాతదే పెట్టు. బావా, ఇంటికి పోయి తోలు ముక్క తేపో. కందెన నేను తెస్త."

"పెట్టను," అన్నాను.

"పెట్టవా? మరి రేపు ఎట్ల పోవాలె?"

"నాయినా, గిటు చూడు." పాత ఎడమ కీలును ఆయన కళ్ల ముందు పట్టుకున్నాను. గుండు కాడను రెండు వేళ్లతో పట్టి లాగాను. గుండు గిన్నెలోంచి బయటికి వచ్చేసింది. పుల్ల ఐసు నోట్లోంచి తీసినంత తేలికగా వచ్చింది. గిన్నె అంచు అరిగి అరిగి రేకులా అయింది. "తోలూ కందెనా తీస్తే గిది ఆగదు. ఘాట్ల ఊడితే? అక్క లోపల కూసుంటది. అక్క కడుపుతోటి కూసుంటది."

"ఇన్నేండ్లు ఊడలే."

"ఊడలే గనుకనే మనం బతికినం."

"అరె, మెల్లగ తెస్తరా నేను. నా చేతికి తెలుస్తది గద అది లటలటమంటే." కీలు కోసం చేయి చాపాడు. ఆ చేయి నిదానంగా, నమ్మకంగా, ఎద్దు ముకుతాడు అందుకోవడానికి చాపినట్టు చాపాడు. ఎంత చెప్పినా, చూపించినా, ఆ చేతికి ఏమీ పట్టదని అప్పుడు నాకు అర్థమైంది. నేను ఇంట్లో కునుకు తీసినా, పొలం వైపు పోయినా, ఇద్దరూ కలిసి తోలు కూరి దాన్ని బిగించేస్తారు. పొద్దున నేను లేచేసరికి కారు ఘాటెక్కుతుంటుంది.

గుండు నా ఎడమచేతిలో ఉంది. గిన్నె కుడిచేతిలో. పది అడుగుల దూరంలో మా మంచినీళ్ల బావి, పన్నెండు గజాల లోతు. గిన్నెను విసిరి అందులో పారేశాను.

నాయిన నన్ను కొట్టాడు. ఒకటే దెబ్బ, చెంప మీద. ఉద్యోగం చేస్తున్న కొడుకును, కమ్మరి చూస్తుండగా. నేను కదల్లేదు. ఇంకోటి కొడతాడేమోనని ముఖం అలాగే ఉంచాను.

అమ్మ అరిచింది గడపలోంచి. నాయిన మీద కాదు, నా మీద. "బావిలేస్తివా? ఇగ నా బిడ్డ దినమంత బండిల ఒళ్లు హూనమై రావాలెనా? వద్దని నర్సమ్మ చెప్పలేదా? నువ్వు దాన్నే బావిలేసినట్టు!"

ఆ మాటను నేను ఇంతవరకూ మరిచిపోలేదు. ఎందుకంటే అందులో అబద్ధం లేదు. ఎడమది ఒకటి, కుడిది ఒకటి అని రాసుకుని ఉంటే, రెండో పొట్లం విప్పి ఉంటే, బుధవారం పొద్దున కారు మంచి కీళ్లతో పోయేది. నాకు నాయిన మీద కోపం, మామ మీద కోపం, మసి మీద, తోలు మీద కోపం. అన్నిటి కన్నా ఆ స్కేలు గీత మీద కోపం.

నాయిన పశువుల కొట్టం వెనక్కి పోయి, మూడేళ్లుగా కదలని కచ్చురం మీది పాత కట్టెలూ కంపా దించడం మొదలుపెట్టాడు. మామ చక్రాల ఇనుప పట్టాలు కొట్టి చూశాడు. గుడారం చాప దులిపారు. తర్వాత చక్రం లాగి ఇరుసుకు కందెన పెట్టాలి, దానికి బండిని ఒక పక్క ఎత్తి పట్టాలి. నాయిన తన భుజం ఆనించబోయాడు. నేను కారు కింది నుంచి జాకీ తెచ్చి బండి ఇరుసు కింద పెట్టి తిప్పాను. నాయిన జాకీని చూశాడు, నన్ను చూడలేదు. చక్రం లాగి, పుల్లతో కందెన తీసి, ఇరుసు చుట్టూ పూశాడు. తొందర లేదు, ఒక్క చుక్క కింద పడలేదు. చక్రం తోసి, చేత్తో తిప్పాడు. చప్పుడు లేకుండా తిరిగింది, చాలాసేపు తిరిగింది. నేను చూస్తూ నిలబడ్డాను, చెంప ఇంకా మండుతూనే ఉంది.

బుధవారం తెల్లవారగానే మా సేద్యపు ఎడ్లను కట్టి బయలుదేరాం. నాయిన నొగల మీద, నేను వెనక. సాయంత్రం దాకా మా మధ్య పది మాటలు కూడా లేవు, అవీ ఎడ్ల గురించే. అక్క అత్తవారింటి ముందు బండి ఆగగానే ఆమె మామ అడిగాడు, "కారేది బావా?" అని. నాయిన తువ్వాల దులుపుకుంటూ, "కారుకు పానం మంచిగ లేదు," అన్నాడు. నా పేరు ఎత్తలేదు. ఎత్తి తిట్టినా నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

గురువారం పొద్దున అక్కను ఎక్కించాం. బండిలో మోకాలి లోతు వరిగడ్డి, దాని మీద రెండు గొంగళ్లు, నడుము వెనక దిండ్లు. ఆమె పాదాలు చూస్తే భయమేసింది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే నిలిచింది.

"ఏం తమ్మీ, ఇంజినీరువైనవట, నన్ను మోటారుల తీస్కపోతవనుకుంటే గడ్డిల పండవెడ్తివి?" అంది.

"ఊకో అక్కా."

"ఊకుంట తియ్. నీ మొఖం చూస్తే ఎడ్లు బెదిరేటట్టున్నయి."

ఘాటు దిగేటప్పుడు బండి వెనక బరువైన మొద్దు ఒకటి కట్టి ఈడుస్తారు. వాలులో బండి ఎడ్ల మీదికి ఉరకకుండా అదే ఆపుతుంది. మొద్దు పక్కకు దొర్లిపోకుండా తాడు పట్టుకుని వెనక నడవడం నా పని. నాయిన నొగ దిగి, ఎడ్ల ముకుతాళ్లు పట్టుకుని, వాటికి ఎదురుగా నిలబడి వెనక్కి నడుస్తూ దిగాడు. ప్రతి రాయినీ కాలితో తడిమి, చక్రం దాని మీదికి రాకుండా తప్పించాడు. మొద్దు గీరుకునే చప్పుడు, గిట్టల చప్పుడు తప్ప బండి నుంచి ఏమీ వినిపించలేదు. ప్రతి కుదుపుకూ నేను చెవులు రిక్కించాను, అక్క మూలుగుతుందేమోనని. రెండుసార్లు మూలిగింది. ఆ రెండుసార్లూ తాడు నా అరచేతులు కోసింది.

ఘాటు మధ్యలో దారి కొండను చుట్టి ఒక్కసారిగా మళ్లే చోటు ఒకటుంది. ఎడమ పక్క రాతి కట్ట పడిపోయి ఉంది, కింద చెట్ల తలలు కనిపిస్తాయి. అక్కడ ఎడ్లకు ఊపిరి ఇవ్వడానికి నాయిన బండి ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"గా గుండు ఉందా నీ దగ్గర?"

జేబులోంచి తీసి ఇచ్చాను. దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ మలుపు చూశాడు, కట్ట పడిపోయిన చోటు చూశాడు. గుండు గుండ్రంగా లేదు. ఒక పక్క కోడిగుడ్డు కొసలా కోసుకుపోయి ఉంది.

"గీడ ఊడుతుండెనా?"

"ఏడ ఊడుతదో ఎవరికి తెలుసు. ఊడుడైతె ఊడుతుండె."

చాలాసేపు దాన్నే చూశాడు. చివరికి తెలిసిందనుకున్నాను. ఒక్క మాట, నువ్వు చెప్పింది నిజమేరా అన్న ఒక్క మాట వస్తుందని ఎదురుచూశాను.

"మసి మంచిగ జల్లెడ పట్టలేదేమో," అన్నాడు.

తాడు వదిలేసి అడవిలోకి పోవాలనిపించింది. గుడారంలోంచి అక్క నవ్వింది, నవ్వు మధ్యలో నొప్పికి ఆగింది, మళ్లీ నవ్వింది.

సాయంత్రం ఎండ ఉండగానే ఇల్లు చేరాం. అమ్మ ఎదురొచ్చి, దిష్టి తీసి, అక్కను లోపలికి తీసుకుపోయింది. నర్సమ్మను పిలిపించాం. ఆమె చూసి, బండిలో తెచ్చారా అని ఇంటిల్లిపాదినీ కోప్పడింది, కానీ లోపల బిడ్డ బాగానే ఉందని చెప్పింది. అమ్మ నాకు అన్నం పెట్టింది. చెంబు నా ముందు కొంచెం గట్టిగా పెట్టింది.

శుక్రవారం పొద్దున నేను బయటికి వచ్చేసరికి నాయిన బావి దగ్గర ఉన్నాడు. చేదలు జారిపడితే తీసే పాతాళ గరిగెను, కొక్కేల గుత్తిని, మామ ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. తాడుకు కట్టి బావిలోకి వదిలి, అడుగున మెల్లగా తిప్పుతున్నాడు. నా ఒళ్లు భగ్గుమంది. దాన్ని తీసి, తోలు పెట్టి మళ్లీ బిగిస్తాడు. ఘాటు మలుపులో నిలబడి గుండు చూసిన మనిషి!

"ఎందుకది?" అన్నాను. ఆయన తాడు తిప్పుతూనే ఉన్నాడు. నేను అరుగు మీద కూర్చున్నాను. తీయనీ, మళ్లీ పారేస్తాను అనుకున్నాను. ఒకసారి పగిలిన చేద వచ్చింది, ఒకసారి ఇత్తడి చెంబు. అది పెళ్లప్పటిదని అమ్మ పరుగున వచ్చి తీసుకుంది. ఎండ నడినెత్తికి వచ్చింది. నాయిన చొక్కా తడిసి వీపుకు అంటుకుంది.

మధ్యాహ్నం దాటాక తాడు చేదుతూ ఆయన చేతులు ఒక్కసారి నిదానించాయి. కొక్కేల మధ్య, గిన్నె నోటిలో ఒక కొక్కెం దిగి, ఆ కీలు పైకి వచ్చింది. విప్పి తువ్వాలతో నీళ్లు తుడిచి, నా దగ్గరికి వచ్చి ఒళ్లో పడేశాడు.

"పట్నం తీస్కపో. పాతది చూపియ్యకుంటే దుకాణపోడు మళ్ల తప్పుదే ఇస్తడు."

నేను తల ఎత్తలేదు.

"రెండు పొట్లాలిచ్చినా రెండూ ఇప్పి చూడు," అని, తాడు చుట్టుకుంటూ పోయాడు.

కీలును తిప్పి చూశాను. మర ఎడమ వైపు ఎక్కుతోంది. ఎవరికైనా కనబడేంత స్పష్టంగా ఉంది. గిన్నెలో వేలు పెట్టి, లోపలి గోడ రుద్దాను. మూడు రోజులు నీళ్లలో ఉన్నా, కందెన పోలేదు.